పిల్లల నీళ్ళ విరేచనాలకు ప్రోబయోటిక్ అవసరమా?

మీ బాబుకు 14 నెలలు. రెండు రోజులుగా రోజుకు ఏడెనిమిది సార్లు నీళ్ళలా విరేచనాలు అవుతున్నాయి, మొదటి రోజు రెండు మూడు వాంతులు కూడా అయ్యాయి, కొద్దిగా జ్వరం ఉంది, రక్తం పడటం లేదు. చూసిన డాక్టరుగారు ఓఆర్ఎస్, జింక్, వాటితోపాటు రెండు పూటలా ఇవ్వమని ఒక ప్రోబయోటిక్ పొడి (మేలు చేసే సూక్ష్మజీవులున్న పొడి) రాశారు. అమెరికాలో ఉన్న మీ ఆడపడుచు ఫోన్లో "ఇక్కడి పిల్లల డాక్టర్లు అది ఇవ్వరు, దండగ" అన్నారు. మీ అత్తగారేమో పెరుగన్నం పెడితే సరిపోయేదానికి పొడులెందుకు అంటున్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న. పిల్లల వైద్యంలో చాలా ఏళ్ళు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వాసుపత్రిలో గడిపిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, ప్రోబయోటిక్ ఇచ్చినా ఇవ్వకపోయినా మీ బాబుకు తగ్గే సమయంలో పెద్ద తేడా ఉండకపోవచ్చు. రాసిన మూడింటిలో ప్రాణానికి సంబంధించినది ఓఆర్ఎస్. దాని తర్వాతి స్థానం జింక్‌ది. మూడోది ఉంటే ఉండనివ్వండి, కొనలేకపోతే దిగులు పడకండి. ఈ మాట ఎందుకు అంటున్నానో వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ విషయంలో 2010 నాటికి పుస్తకాల్లో ఉన్న అభిప్రాయం 2020 నాటికి చాలావరకు మారిపోయింది; ఆ మార్పు మన మందుల చీటీల దాకా ఇంకా పూర్తిగా రాలేదు.

అంతకంటే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఇది చదివే సమయానికి బాబు మగతగా ఉన్నా, లేపినా సరిగా కళ్ళు తెరవకపోయినా, తాగలేకపోతున్నా, తాగిందల్లా కక్కేస్తున్నా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, చదవడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బొడ్డుకు పక్కగా పొట్ట మీది చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో మడతలా పట్టుకుని వదిలి చూడండి. వెంటనే సర్దుకుంటే ఫరవాలేదు. కంటికి తెలిసేంత నెమ్మదిగా సర్దుకుంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. రెండు సెకన్లు దాటినా మడత అలాగే నిలిచి ఉంటే అది సెలైన్ ఎక్కించవలసిన స్థితి కావచ్చు. కళ్ళు లోతుకు పోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం కూడా గమనించాలి. గ్లాసు లాక్కుని మరీ ఆబగా తాగే బిడ్డను చూసి "హుషారుగానే ఉన్నాడు" అని పెద్దవాళ్ళు నిశ్చింతగా ఉంటారు కానీ, ఆ ఆబ కూడా నీరు తగ్గిందని చెప్పే గుర్తే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వయసు పిల్లల్లో రక్తం లేని నీళ్ళ విరేచనాలు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి. వైరస్ చిన్నపేగు లోపలి పొరలో నీటినీ లవణాలనూ పీల్చుకునే కణాలను దెబ్బతీస్తుంది. పీల్చుకునే పని కుంటుపడటంతో నీరంతా కిందికి జారిపోతుంది. పేగు పొరకు తనను తాను తిరిగి కట్టుకునే శక్తి ఉంది, కొన్ని రోజుల్లోనే కొత్త కణాలు పాతవాటి స్థానంలోకి వస్తాయి. అందుకే ఏ మందూ వేయకపోయినా ఎక్కువమంది పిల్లల్లో మూడు నుంచి ఏడు రోజుల్లో విరేచనాలు ఆగిపోతాయి. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే విరేచనాల మందుల గురించి వినే పొగడ్తల్లో సగం వాటంతటవే తేలిపోతాయి: మూడో రోజున ఏది మొదలుపెట్టినా, అయిదో రోజున తగ్గిన కీర్తి దానికే దక్కుతుంది. తగ్గేదాన్ని మందు ఎంత ముందుగా తగ్గించిందో తెలియాలంటే, అదే మందు ఇవ్వని పిల్లలను పక్కన పెట్టుకుని పోల్చి చూడటం తప్ప మరో దారి లేదు.

ప్రోబయోటిక్ అంటే తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు అని 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థలు కలిసి నిర్వచించాయి. ఈ ఆలోచన వెనక ఒక చిన్న కథ ఉంది. 1920లలో హెన్రీ బులార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇండోచైనాలో ఉండగా అక్కడ కలరా వచ్చింది. స్థానికులు లిచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కలతో కాచిన కషాయం తాగడం చూసి, ఆ తొక్కల నుంచి ఒక రకం ఈస్ట్‌ను ఆయన వేరుచేశాడు. అదే నేటికీ శాకరోమైసిస్ బులార్డి పేరుతో పొట్లాల్లో దొరుకుతోంది. మరొకటి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ. ఇందులోని రెండు 'జీ'లు దాన్ని 1980లలో అమెరికాలో వేరుచేసిన గోర్బాక్, గోల్డిన్ పేర్ల మొదటి అక్షరాలు. మన మందుల షాపుల్లో చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే మూడో రకం బాసిల్లస్ క్లాసీ అనే బాక్టీరియా బీజాలు. మేలు చేసే క్రిములు పేగు గోడను ముందే ఆక్రమించి చెడ్డవాటికి చోటు లేకుండా చేస్తాయనీ, ఆమ్లాలను తయారు చేసి వాటిని నిరోధిస్తాయనీ, శరీరపు రక్షణ వ్యవస్థను మేల్కొలుపుతాయనీ వీటి గురించి చెబుతారు. ప్రయోగశాలలో ఇవన్నీ కొంతవరకు కనిపించిన విషయాలే. అయితే రోజుకు పదిసార్లు విరేచనమవుతున్న పేగులో వాటిని వదలడం వరద పారుతున్న చేలో విత్తనం చల్లినట్టే. అవి అంటుకుని నిలదొక్కుకునేలోపు జబ్బే తగ్గుముఖం పడుతుంది.

ప్రోబయోటిక్‌కు ఇంత పేరు ఎలా వచ్చిందంటే, 2010లో, వైద్య అధ్యయనాలను కూడగట్టి సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన 63 అధ్యయనాలను కలిపి చూసి, ప్రోబయోటిక్ ఇచ్చినవారిలో విరేచనాలు సగటున ఒక రోజు ముందుగా తగ్గుతున్నాయని తేల్చింది. ఒక రోజు అంటే తక్కువేమీ కాదు. నాతోటి వైద్యులు ఎందరో ఆ లెక్కను నమ్మే రాశారు, రాయడంలో తప్పు కూడా లేదు. కానీ ఆ 63లో ఎక్కువ భాగం చిన్న అధ్యయనాలు. ఎవరికి మందు ఇచ్చారో ఎవరికి ఉత్త పొడి ఇచ్చారో తల్లిదండ్రులకూ డాక్టర్లకూ తెలియకుండా చేసిన జాగ్రత్త కొన్నింటిలో లేదు. విరేచనాలు ఆగినట్టు ఎప్పుడు లెక్కించాలనే విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. పైగా ఫలితం రాని చిన్న అధ్యయనం అచ్చుకు నోచుకోవడం కష్టం, ఫలితం వచ్చినది వెంటనే అచ్చవుతుంది. అచ్చయినవాటినే కూడితే మొత్తం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

2018 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు పెద్ద అధ్యయనాలను ప్రచురించింది. మొదటిది అమెరికాలో 10 ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన మూడు నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలు 971 మంది మీద జరిగింది. సగం మందికి రామ్నోసస్ జీజీని పూటకు వెయ్యి కోట్ల జీవుల చొప్పున రోజుకు రెండుసార్లు అయిదు రోజులు ఇచ్చారు, మిగతా సగానికి చూడటానికి అలాగే ఉండే ఉత్త పొడి ఇచ్చారు. తర్వాతి రెండు వారాల్లో జబ్బు ఒక మోస్తరుగానో తీవ్రంగానో ముదిరినవారు ప్రోబయోటిక్ గుంపులో 11.8 శాతం, ఉత్త పొడి గుంపులో 12.6 శాతం. విరేచనాలు సాగిన సమయం మొదటి గుంపులో 49.7 గంటలు, రెండో గుంపులో 50.9 గంటలు. అంటే తేడా గంటకు కాస్త ఎక్కువ. అది కూడా యాదృచ్ఛికంగా వచ్చిందనదగ్గ తేడాయే. రెండో అధ్యయనం కెనడాలో 886 మంది పిల్లల మీద, వేరే రెండు లాక్టోబాసిల్లస్ రకాల మిశ్రమంతో జరిగింది. అక్కడ జబ్బు ముదిరినవారు ప్రోబయోటిక్ గుంపులో 26.1 శాతం, ఉత్త పొడి గుంపులో 24.7 శాతం. కోక్రేన్ సంస్థ 2020లో తన సమీక్షను 82 అధ్యయనాలు, 12,127 మందితో తిరగరాసినప్పుడు, లోపాలు తక్కువ ఉన్న అధ్యయనాలను మాత్రమే తీసుకుని చూస్తే, 48 గంటలకు మించి విరేచనాలు సాగినవారి సంఖ్యలో ప్రోబయోటిక్ వల్ల బహుశా తేడా లేదనే తేలింది. పదేళ్ళ కిందటి ఆ ఒక రోజు లాభం అలా కరిగిపోయింది.

మీ ఆడపడుచు చెప్పినదానికి ఆధారం ఇదే. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో, పిల్లల అంటువ్యాధి విరేచనాలకు ప్రోబయోటిక్ ఇవ్వవద్దని సూచించింది. అయితే ఆ సూచన అమెరికా, కెనడాల పిల్లలకు సంబంధించినదని అందులోనే రాసి ఉన్న సంగతిని చాలామంది వదిలేసి చెబుతారు. యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం అదే లెక్కలు చూసి కూడా 2023లో వేరే మాట అంది: రామ్నోసస్ జీజీ, బులార్డి, లాక్టోబాసిల్లస్ రియూటరి డీఎస్ఎమ్ 17938 వంటి కొన్ని రకాలను, చెప్పిన మోతాదులో, అయిదు నుంచి ఏడు రోజులు వాడవచ్చు అని. ఆ సిఫారసును బలహీనమైనదిగానే ప్రకటించింది. ఒకే సమాచారం నుంచి రెండు సంఘాలు రెండు వైపులకు వెళ్ళడం మీకు వింతగా తోచవచ్చు. లాభం అంత చిన్నదైనప్పుడు, హాని కూడా దాదాపు లేనప్పుడు, ఖర్చును ఎవరు భరిస్తున్నారన్న దాన్ని బట్టి తీర్పు అటూ ఇటూ ఊగుతుంది.

మరి మన పిల్లల సంగతి? ఇక్కడ నా సొంత అభిప్రాయం కొంత కలుస్తుంది. టొరంటోలోనో షికాగోలోనో విరేచనాలతో ఆసుపత్రికి వచ్చే బిడ్డ, కర్నూలు జిల్లాలోనో ఆదిలాబాదు జిల్లాలోనో వచ్చే బిడ్డ ఒక్కటి కాదు. 2013లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం ఆఫ్రికాలోనూ, కోల్‌కతాతో సహా దక్షిణాసియాలోనూ తీవ్రమైన విరేచనాలకు కారణాలు వెతికితే రోటావైరస్‌తోపాటు క్రిప్టోస్పోరిడియం, ఒక రకం ఈ.కోలై, షిగెల్లా అనే క్రిములు ముందు వరుసలో కనిపించాయి. మన దగ్గర పోషణ లోపం, జింక్ లోపం ఎక్కువ. జబ్బు ఎక్కువ రోజులు సాగుతుంది. కాబట్టి అమెరికా ఫలితాన్ని కళ్ళు మూసుకుని ఇక్కడికి తెచ్చుకోనక్కర్లేదనే వాదనలో పస ఉంది. ఉత్తర బెంగాల్‌లో రామ్నోసస్ జీజీతో జరిగిన పరిశీలనల్లో తక్కువ మోతాదు పనిచేయలేదనీ, ఎక్కువ మోతాదు కొంత పనిచేసిందనీ వచ్చింది. కానీ "అక్కడి ఫలితం ఇక్కడికి వర్తించదు" అన్న మాట రెండు వైపులా కోస్తుంది. అక్కడి ప్రతికూల ఫలితం మనకు చెల్లకపోతే అక్కడి అనుకూల ఫలితాలు కూడా చెల్లవు. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2000ల మధ్యలో తన మార్గదర్శకాలు రాసినప్పుడు, ఆధారాలన్నీ ధనిక దేశాలవే కాబట్టి మన పిల్లలకు ప్రోబయోటిక్‌ను సిఫారసు చేయలేమని చెప్పింది కూడా ఇదే తర్కంతోనే.

పొట్లం మీద "ప్రోబయోటిక్" అన్న మాట చూసి ఆగిపోకండి. ఇది ఒక మందు పేరు కాదు. "యాంటీబయోటిక్" అన్నట్టే ఇది కూడా ఒక గుంపు పేరు. ఒక రకం మీద జరిగిన పరీక్ష ఇంకో రకానికి సాక్ష్యం కాదు. 2007లో ఇటలీలో 571 మంది పిల్లల మీద అయిదు రకాల తయారీలను పోల్చి చూశారు. రామ్నోసస్ జీజీ, ఒక నాలుగు రకాల మిశ్రమం ఇచ్చినవారిలో విరేచనాలు త్వరగా తగ్గాయి. బులార్డి, బాసిల్లస్ క్లాసీ, ఎంటెరోకాకస్ ఇచ్చినవారికీ ఓఆర్ఎస్ మాత్రమే తాగినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మన దగ్గర అందరి ఇళ్ళలోనూ కనిపించే గొట్టాల మందు ఆ తేడా కనిపించని జాబితాలోనే ఉంది, యూరప్ సంఘం 2023లో సూచించిన జాబితాలోనూ లేదు. మామూలుగా అది హాని చేయదు, ఫ్రిజ్ అక్కర్లేదు, రుచి లేకపోవడంతో పిల్లలు గొడవ చేయకుండా తాగుతారు. దాని ప్రాచుర్యానికి ఈ సౌకర్యాలే పెద్ద కారణమని నా అనుమానం. కాబట్టి పొట్లం తిప్పి చూడండి. జాతి పేరు తర్వాత అక్షరాలో అంకెలో ఉండే రకం గుర్తు ఉందా, ఒక్కో పొట్లంలో ఎన్ని కోట్ల జీవులున్నాయి, గడువు ఎప్పటిదాకా ఉంది? అయిదారు రకాల పేర్లు రాసి దేని గుర్తూ ఇవ్వని మిశ్రమాలకు మీ డబ్బు పెట్టవద్దనే చెబుతాను. కొన్నది వాడుతుంటే వేడి పాలలో, వేడి నీళ్ళలో కలపకండి. బతికున్న జీవులకు డబ్బిచ్చి చచ్చినవాటిని తాగించినట్టవుతుంది.

నేనైతే మామూలు నీళ్ళ విరేచనాలకు ప్రోబయోటిక్ రాయను. తల్లిదండ్రులు అడిగితే, కొనే స్తోమత ఉంటే, బులార్డినో జీజీనో అయిదు రోజులు వాడుకోమంటాను, కాదనను. ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చినవారికైతే ఆ డబ్బుతో పప్పు, గుడ్లు కొనమని చెబుతాను. మీ డాక్టరుగారు రాసినది తప్పేమీ కాదు. ఇప్పటికే కొని ఉంటే వాడేయండి. ఆ పొడి పడకపోయినంత మాత్రాన అర్ధరాత్రి మందుల షాపు తలుపు తట్టవలసిన పని మాత్రం లేదు.

ప్రోబయోటిక్ నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది, అది దీనికి దగ్గరి చుట్టమే. గొంతు నొప్పికో చెవి పోటుకో యాంటీబయోటిక్ వాడుతున్న పిల్లల్లో, ఆ మందు వల్లనే విరేచనాలు పట్టుకుంటాయి. మొదటి రోజు నుంచే ప్రోబయోటిక్ కలిపి ఇస్తే ఇవి తగ్గుతాయని 2019 నాటి కోక్రేన్ సమీక్ష 33 అధ్యయనాల నుంచి చూపింది: ప్రోబయోటిక్ లేనివారిలో 19 శాతం మందికి విరేచనాలు వస్తే, తీసుకున్నవారిలో 8 శాతం మందికి వచ్చాయి. బాక్టీరియా రకమైతే యాంటీబయోటిక్‌కు దానికి మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి; బులార్డి ఈస్ట్ కాబట్టి దాన్ని యాంటీబయోటిక్ చంపదు. విచిత్రమేమిటంటే, మన దగ్గర వైరస్ విరేచనాలకు ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడాజోల్ కలిపిన సిరప్ ఒకటి మందుల షాపులోనే ఇచ్చేస్తారు, ఆ సిరప్ చేసే చెరుపును సరిచేయడానికని పక్కనే ప్రోబయోటిక్ పెడతారు. రక్త విరేచనాలు, కలరా వంటి కొన్ని సందర్భాల్లో తప్ప మొదటిదే అక్కర్లేదు. అది మానేస్తే రెండోది అడిగే పని కూడా తప్పుతుంది. విరేచనాలను బిగబట్టే లోపెరమైడ్ వంటి మాత్రలు చిన్నపిల్లలకు ఇవ్వనే కూడదు.

ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులు, కాన్సర్ మందులు వాడుతున్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చి ఉన్నవారు ఉంటే, ఈ "మంచి క్రిములు" రక్తంలోకి చేరి ప్రాణాంతకం కావచ్చు. నెలలు నిండని శిశువుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. మీ బాబు వీరిలో ఎవరూ కాదు కాబట్టి మీకు ఆ భయం అక్కర్లేదు.

అత్తగారి పెరుగన్నం విషయానికొస్తే, ఆవిడ మాట కొట్టిపారేయదగినది కాదు. ఇంట్లో తోడు వేసిన పెరుగులో ఏ రకం క్రిములు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క పెట్టరు, కాబట్టి పైన చెప్పిన అర్థంలో దాన్ని ప్రోబయోటిక్ మందు అనలేము. కానీ ఆహారంగా అది చాలా మంచిది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర తోడుకునే క్రమంలో కొంత తగ్గిపోతుంది, దెబ్బతిన్న పేగుకు అది సులువుగా పడుతుంది, బిడ్డ ఇష్టంగా తింటాడు. మెత్తగా చేసిన అన్నంలో కమ్మని పెరుగు, చిటికెడు ఉప్పు వేసి పెట్టండి. పెసరపప్పు కట్టు, అరటిపండు, నెయ్యి వేసిన మెత్తని అన్నం, ఏదైనా సరే, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. తల్లిపాలు తాగుతుంటే ఒక్క పూట కూడా ఆపకండి. "పేగుకు విశ్రాంతి" అని పస్తు ఉంచడం, వట్టి సగ్గుబియ్యం జావ మీద మూడు రోజులు నెట్టడం మాత్రం వద్దు. తిండి మానిపిస్తే పేగు పొర తిరిగి పెరగడం ఆలస్యమవుతుంది. జాజికాయ అరగదీసి నాకించడం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను: మోతాదు మించితే అది బిడ్డను మగతలోకి తీసుకెళ్ళగలదు, ఆ మగత జబ్బుదో జాజికాయదో మాకు తెలియకుండా పోతుంది.

ఇక ఓఆర్ఎస్. పేగు గోడలో గ్లూకోజు లోపలికి పోయే ద్వారం సోడియంను వెంటబెట్టుకునిగానీ పోనివ్వదు, ఆ రెండింటి వెనక నీరు నడుస్తుంది. విరేచనాల్లో కూడా ఈ ద్వారం చాలావరకు చెడకుండా ఉండటమే ఓఆర్ఎస్ రహస్యం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు నిండిన, పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్ళు కలిపి బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న కలరా మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. విరేచనాల విషయంలో ఇంతటి ఫలితం చూపిన పొడి మరొకటి లేదు. కానీ ఇది విరేచనాలను ఆపదు, పోయిన నీటిని మాత్రమే తిరిగి ఇస్తుంది. తల్లులకు ఓఆర్ఎస్ మీద నమ్మకం కుదరకపోవడానికీ, "ఆపే మందు" కోసం ప్రోబయోటిక్ వైపు చూడటానికీ కారణం ఇదే.

కలపడంలోనే చాలామంది దెబ్బతింటారు. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు. ఏదైనా మొత్తం ఒకేసారి కలపాలి. వార్డులో తరచూ చూసే దృశ్యం ఒకటి చెబుతాను: ప్యాకెట్టు చింపి, చెంచాడు పొడి గ్లాసు నీళ్ళలో వేసి, మిగతాది మడిచి మంచం పక్కన గూట్లో పెడతారు. అది చిక్కనైతే బిడ్డ ఒంట్లో ఉప్పు పెరిగిపోతుంది, పలచనైతే ప్రయోజనం ఉండదు. పాలు, పళ్ళ రసం, పంచదార ఏదీ కలపకూడదు. కాచి చల్లార్చిన నీటిలో కలిపి మూత పెట్టి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. రెండేళ్ళ లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మళ్ళీ మొదలుపెట్టండి. సీసాతో గటగటా పట్టిస్తే నిలవనిది చెంచాతో నిలుస్తుంది.

కొనేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. నారింజ, యాపిల్ రుచుల్లో అట్టపెట్టెల్లో దొరికే పానీయాలు ఏళ్ళ తరబడి పేరులో ఓఆర్ఎస్ తగిలించుకుని అమ్ముడయ్యాయి. చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ ఉండే అలాంటివి విరేచనాలను పెంచుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ పాటు పోరాడారు, చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని, లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు అని ఉంటే అదే సరైనది.

చివరగా జింక్. దీని లాభం కూడా ఆకాశమంత ఏమీ కాదు: ఆరు నెలలు దాటిన పిల్లల్లో విరేచనాలు సుమారు సగం రోజు, పోషణ తక్కువగా ఉన్నవారిలో ఒక రోజు దాకా ముందుగా తగ్గుతాయి. ప్రోబయోటిక్‌ను తేలిగ్గా తీసేసి దీన్ని ఎందుకు పట్టుకుంటున్నారని మీరు అడగవచ్చు. ఈ ఆధారాలు మనలాంటి దేశాల పిల్లల నుంచే వచ్చాయి, ఖర్చు నామమాత్రం, తర్వాతి రెండు మూడు నెలల్లో విరేచనాలు తిరిగి రావడాన్ని కూడా ఇది తగ్గిస్తుంది. మన ప్రభుత్వ కార్యక్రమంలో ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు ఇస్తారు. కొందరికి దీనితో వాంతి వస్తుంది. భారత్, టాంజానియాల్లో 4,500 మంది పిల్లల మీద జరిగి 2020లో అచ్చయిన అధ్యయనంలో 5, 10 మిల్లీగ్రాముల మోతాదులు కూడా దాదాపు అంతే పనిచేశాయి, వాంతులు తక్కువగా అయ్యాయి. కాబట్టి మీ బాబు కక్కేస్తుంటే మానేయకుండా మోతాదు తగ్గించమని డాక్టరుగారిని అడగండి. నాలుగో రోజు విరేచనాలు కట్టాయని ఆ సీసా పక్కన పెట్టేయడం ప్రతి ఇంట్లో జరిగేదే. మీరు మాత్రం 14 రోజులూ పూర్తి చేయండి. ఈ లోపు ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోతే మీ ఆశా కార్యకర్తను గానీ దగ్గరలోని ఆరోగ్య కేంద్రాన్ని గానీ అడగండి, ఉచితంగానే ఇస్తారు.